నానీ పాట రేడియోలో రావాలి

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి సాబ్ నన్ను ఉర్దూ భాషాసేవ గురించి చెప్పమన్నారు. గాలిబు గురించి, ఇక్బాలు గురించి ఈ వేదిక మీద ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను మాత్రం మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకునే దక్కనీ పాటల గురించి, అవి రేడియోలో రావలసిన అవసరం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఉర్దూ మాస్టారువై ఉండి తెలుగులో ఎందుకంటారేమో, మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు తెలుగు అక్షరాలే వచ్చు. సంచికలో అచ్చయితే వాళ్లూ చదవాలి కదా!

మన జహీరాబాదు దగ్గరే మాచనూరు ఉంది. అక్కడ 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలయింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది. యునెస్కో సాయంతో 1998లోనే ఏర్పాట్లు జరిగినా, లైసెన్సు లేక పదేళ్లు ఆగవలసి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా మొదట విద్యాసంస్థలకే అనుమతులిచ్చి, 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీయలేదు. ఈ పదేళ్లూ ఆ స్త్రీలు ఊరుకోలేదు. పాటలు, మాటలు టేపుల మీద పట్టి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. తరువాత రేడియోను నడిపిన వాళ్లు ఇద్దరు నర్సమ్మలు, దళిత కుటుంబాల ఆడబిడ్డలు. విత్తనాల ముచ్చట్లు, పండుగలు, నాట్ల పాటలు, అంతా వాళ్ల పలుకులోనే!

పెద్ద రేడియో మనకు మేలు చేయలేదని నేననను. హైదరాబాదులో 1935లో మొదలయిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. మనవాళ్లలో పొన్నెకల్లు షేక్ నాజర్ గారికి బుర్రకథకు 1986లో, కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారికి నాదస్వరానికి 1977లో పద్మశ్రీలు వచ్చాయి. వారు మహా విద్వాంసులు, వేదికలెక్కినవారు. పొయ్యి దగ్గర పాడే నానీ ఏ ఆడిషనుకు పోతుంది? ఆమె పాటకు ఊరి రేడియోయే తగిన చోటు.

ఆ పాటలు ఎటువంటివి? తిరగలి దగ్గర పాడేవి చక్కీనామాలు. బీజాపూరు కాలపు సూఫీలు జ్ఞానాన్ని ఆడవాళ్ల పనిపాటలోకి దించారు. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చారు. చదువు రాని తల్లి కూడా పిండి విసురుతూ దేవుని పేరు తలచుకునేది. ఉయ్యాల దగ్గర లోరీలు. ఇక పెళ్లింట్లో చెప్పనక్కరలేదు. మాంజా మొదలు సాంచక్, మెహందీ దాకా ఢోలక్ మోగవలసిందే, వియ్యపురాలిని ఆటపట్టించవలసిందే. ఆ వేళాకోళంతోనే సగం పగలు తీరిపోయేవి. పిండిమర వచ్చింది, తిరగలి మూలకు పోయింది, దాని వెంట పాటా పోయింది. ఫంక్షన్ హాళ్లు వచ్చాక ఢోలక్ స్థానంలో డీజే పెట్టె కూర్చుంది. దాని మోతలో పక్కనున్న వదిన మాటే వినపడదు, ఇంక పాటెక్కడిది!

పీర్ల పండుగ పాటల సంగతి వేరు. మనలో వాటి మీద అభిప్రాయ భేదాలున్నాయి. కర్బలా కథను ఎన్నో ఊళ్లలో హిందూ సోదరులు తెలుగులో పాడి నిలబెట్టారన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

"అదేం ఉర్దూ, నక్కో, హౌ, కైకూ అంటారు" అని మనలో కొందరు చదువుకున్నవారే నవ్వుతారు. హైదరాబాదును కట్టించిన కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పింది దక్కనీలోనే. దక్కను నుంచి వలీ దీవాను వెళ్లాకే ఢిల్లీ కవులు ఫారసీ నుంచి ఇటు తిరిగారు. పరీక్ష కాగితంలో "నహీఁ" అనే రాయాలి, అందులో నేను రాజీపడను. ఇంట్లో "నక్కో"కు మార్కులు వేసే పని ఎవరికుంది? ఊరి రేడియో నిబంధనలే స్థానిక భాషలో, యాసలో ఉండటం మంచిదంటున్నాయి. కనీసం సగం కార్యక్రమాలు ఆ ప్రాంత ప్రజల భాగస్వామ్యంతో తయారు కావాలంటున్నాయి.

ఆడవాళ్ల గొంతు బయటివాళ్లు వినడమేమిటి అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫత్వా ఇవ్వడానికి నేను ఆలింను కాను, మౌల్వీ సాబ్‌ను అడుగుదాం. అయితే ఆ ప్రశ్నకు జవాబు మగవాళ్లం మాత్రమే చెప్పేస్తే సరిపోదు. పాడే ఆమెను కూడా అడగాలి. ఆమె వద్దంటే రికార్డింగు ఇంట్లోనే ఉంటుంది, మనవలు వింటారు. సరేనంటే, పేరు చెప్పాలా వద్దా, ఏ పాట వెళ్లాలి, ఏది వెళ్లకూడదు, అన్నీ ఆమె ఇష్టం. వియ్యపురాళ్ల పేర్లున్న పాటలు కాస్త చూసి పంపండి, కొత్త తగాదాలు తెచ్చుకోవద్దు!

నా ప్రతిపాదన ఇదీ. కాలేజీ చదివే మన ఆడపిల్లలు ఈ వేసవి సెలవుల్లో ఇంటింటికీ వెళ్లి పాటలు పట్టాలి. సొసైటీ వాటిని ఒకచోట భద్రపరచాలి. తరువాత మన పెద్దలు కొందరు మాచనూరు వెళ్లి వారానికి ఒక అరగంట అడగాలి. సొసైటీకి పెద్ద ఖర్చేమీ లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. ఫ్యాను ఆపండి, కుక్కరు దింపండి, చిన్నపిల్లల్ని బయట ఆడుకోమనండి. పాట మధ్యలో ఆమె మరచిపోతే అందించకండి, తానే వెతుక్కుంటుంది. పాట అయిపోగానే ఫోను ఆపవద్దు. ఆ పాట ఎవరు నేర్పారో, ఎవరి పెళ్లిలో పాడిందో అప్పుడు చెప్పడం మొదలుపెడుతుంది. అదీ రికార్డు కావాలి.

పేర్లు ఇవ్వదలచిన అమ్మాయిలు సభ అయ్యాక కార్యదర్శి సాబ్ దగ్గర రాయించండి.