పాత కంప్యూటరు, కొత్త వ్యవస్థ, పంచాయతీ కాగితములు

(శ్రీకాకుళము జిల్లా పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీ కార్యాలయమున బల్లమీద నున్న కంప్యూటరును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ వచ్చితిమి. అందులో ఉన్నది విండోస్ 10 అగునేమో ముందు కనుగొనుడు. దానికి ఉచితముగా అందుచుండిన సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని అంగీకరింపదు. అంతమాత్రమున యంత్రమును అటక యెక్కింప నక్కరలేదు. లైనక్స్ అను వ్యవస్థను వెల లేకుండ తెచ్చి అందులో నెలకొల్పుకొనవచ్చును.

1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనికి బీజము నాటెను. దీని నిర్మాణ రహస్యము దాచబడలేదు. తెలిసినవారెవరైనను చదివి, దిద్ది, పంచిపెట్టవచ్చును. మన దేశమున సీ-డాక్ సంస్థ ‘బాస్’ అను పేర ఒక రూపమును సిద్ధపరచినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు రూపము నొకటి వెలువరించిరి. కొత్తవారికి ఉబుంటు గాని లైనక్స్ మింట్ గాని సుళువని మా అభిప్రాయము. ఉబుంటులో దీర్ఘకాలపు విడుదలనే కోరుడు. దానికి ఐదేండ్లు సవరణలు వచ్చును.

తొందరపడి పాతదానిని తుడిచివేయవలదు. లైనక్సును పెన్‌డ్రైవు నుండియే నడిపి చూడవచ్చును. ప్రింటరు పనిచేయుచున్నదా, ఇంటర్నెట్ అందుచున్నదా అని అట్లు పరీక్షింపుడు. ఈ-గ్రామస్వరాజ్ చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెను సంగతి మరింత ముఖ్యము. లైనక్సునకు తగిన డ్రైవరు ఆ టోకెనుకు ఉన్నదో లేదో కార్యదర్శిచేత విచారింపజేయుడు. లేనిచో చెల్లింపులకు వేరొక కంప్యూటరు నుంచుకొని, తక్కిన వ్రాతకోతలకే దీనిని వాడుడు. బిల్లు ఆగినచో కూలివాని డబ్బు ఆగును. వ్యవస్థ ఉచితమన్న మాట అతనికి ఊరట కాజాలదు. అన్నియు సరిపడిన పిమ్మట, పాత దస్త్రములన్నియు వేరొక చోటికి ఎత్తిపెట్టి, అప్పుడు మాత్రమే నెలకొల్పుడు.

తెలుగు వ్రాతకు సెట్టింగులలో తెలుగు కీబోర్డును చేర్చవలెను. ఉబుంటులో విండోస్ గుర్తుగల మీటను పట్టుకొని స్పేస్ మీట నొక్కినచో ఇంగ్లీషు నుండి తెలుగునకు మారును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండును. యూనికోడ్ అక్షరములే వాడుడని గట్టిగా చెప్పుచున్నాము. వెనుకటి రకపు అక్షరములతో వ్రాసిన తీర్మానము, ఆ అక్షరములు లేని యంత్రమున పిచ్చిగీతలుగా కనబడును. మీ జిల్లాలో పుట్టిన గిడుగువారి పేరను, విజయనగరపు గురజాడవారి పేరను ఉచిత యూనికోడ్ అక్షరరూపములు కలవు. శీర్షికలకు చక్కగా నుండును. వ్యవహారభాషకై జీవితమును ధారపోసిన గిడుగువారి పేరు మేమీ గ్రాంథికమున తలచుట వినిన వారు నవ్వుకొందురేమో!

తీర్మానములు, నోటీసులు లిబ్రే ఆఫీసులో వ్రాయవచ్చును. ఇతరులకు పంపునది పీడీఎఫ్ చేసి పంపుడు, అక్షరములు చెదరవు. దస్త్రముల పేర్లలో ఒక చిక్కు కలదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరము, చిన్నబడి అక్షరము లైనక్సునకు వేరువేరు. ఒకే పేరును రెండు విధముల వ్రాసినచో రెండు దస్త్రములు పుట్టి, ఏది అసలో తెలియకపోవును. సంవత్సరము, నెల, తేదీ వరుసగా పేరు పెట్టుడు: ‘2026-01-26 గ్రామసభ’. అప్పుడు అన్నియు కాలక్రమమున వాటంతట అవియే అమరును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు కూలినవి. ఎన్నో ఊళ్లకు దినములకొలది విద్యుత్తు లేకపోయినది. అట్టి సీమలో దస్త్రము ఒక్క యంత్రముననే ఉండరాదు. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ అను సాధనమును నమ్ముకొని కొందరు నిశ్చింతగా నుందురు. అది వ్యవస్థను కాపాడునే గాని, మార్చి అమర్చనిదే మీ సొంత దస్త్రములను కాపాడదు. కావున వారమున కొకమారు దస్త్రముల నకలు పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానిని సురక్షితముగా విడదీయు ఆజ్ఞ నిచ్చిన పిమ్మటనే ఊడదీసి, కార్యాలయమున గాక వేరొక గట్టి భవనమున ఉంచుడు. తుపానుల కాలమునకు ముందు, దానిని మరియొక కంప్యూటరున పెట్టి ఒక తీర్మానమును అచ్చు తీయించి చూడుడు. సంతకములున్న తీర్మానముల పుస్తకము మాత్రము ఎప్పటివలెనే బీరువాలో ఉండవలెను.