వైరసు ముల్లు – మన కణములోని కత్తెర



ప్రత్తిపాడు పొలాలలో తీసిన ప్రత్తి ఆనాడే వస్త్రము కాదు. జిన్నింగు మిల్లులో గింజ వేరై, ఏకి, వడికి, నేసిన పిదపనే కట్టుకొన యోగ్యమవుతుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరసు మాంసకృత్తుల సంగతీ ఇంచుమించు ఇట్టిదే. అయితే వైరసుకు సొంత కర్మాగారము లేదు. ఆ పనులన్నీ అది మన జీవకణము చేతనే చేయించుకొంటుంది.

వైరసుపై ముళ్ళవలె నిలిచే మాంసకృత్తులలో ముఖ్యమైనది హెమగ్లూటినిన్. అది మన కణములో సుమారు 550 ఆమైనో ఆమ్లాల గొలుసుగా పుడుతుంది. కణములోని పొరల అరలలో మడతలు పడి, చక్కెర అణువులను తగిలించుకొని, మూడేసిగా జతగూడి, కణపు పైపొరకు చేరుతుంది. ఆ గొలుసును ఒక నియతస్థానములో కత్తిరిస్తే తప్ప దానికి పరిపక్వత లేదు. కత్తిరింపు జరుగని వైరసు కణమునకు అంటుకొనగలదే గాని, లోనికి తన జన్యువులను వదలలేదు.

ఆ కత్తెర మనదే. ఏటేటా వచ్చే ఫ్లూ వైరసును కోసే ఎంజైములు ముఖ్యముగా శ్వాసమార్గములో ఉన్నవి. కనుకనే ఆ వ్యాధి సాధారణముగా అక్కడికే పరిమితము. కోళ్ళను చంపే హెచ్‌5ఎన్‌1 రకములో మాత్రము కోతస్థానము వద్ద ఆర్జినైన్, లైసిన్ అనే ఆమ్లాలు వరుసగా ఉన్నవి. ఆ వరుసను కోసే ఫ్యూరిన్ అనే ఎంజైము దాదాపు అన్ని కణాలలోను ఉన్నది. అందుచేత ఆ వైరసు కోడి శరీరమంతటా వ్యాపించగలదు. 2019లో బయలుపడిన కోవిడ్ వైరసు ముల్లును కోసేదీ ఈ ఫ్యూరినే.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో కోళ్ళు ఈ వ్యాధితో మూకుమ్మడిగా చనిపోయినవి. మార్చిలో మన పొరుగున పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ హెచ్‌5ఎన్‌1 సోకి కన్నుమూసినది.

ఆ కత్తెరను తీసివేయరాదా అని మీరు అడుగవచ్చు. మన శరీరమునకు అవసరమైన అనేక మాంసకృత్తులు పరిపక్వమయ్యేది కూడా ఫ్యూరిన్ వలననే. దానిని పూర్తిగా అణచివేస్తే మనకే చేటు. కనుక వైరసు కణమును చేరకముందే అడ్డగించుట సులభము. 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలేటట్లు ఉడికించిన మాంసములో, గ్రుడ్డులో అది బ్రతుకదు. పచ్చిమాంసపు ముక్కను పిల్లల నోటికి అందించవద్దు. చచ్చిన కోడిని వట్టిచేతులతో తాకవద్దు, పశువైద్యశాలకు తెలియజేయండి.