అమ్మాయి పైలట్ అవుతానంటే...



ఇంటర్ పాసైన అమ్మాయి డాక్టరీ చదువుతానంటే, ఏ కాలేజీ మంచిదో చెప్పడానికి మన వీధిలోనే పదిమంది ఉంటారు. ఇంజనీరింగు అంటే ఇరవై మంది ఉంటారు. అదే, "అమ్మా, నేను పైలట్‌నవుతాను" అన్నదనుకోండి. అన్నయ్యని అడిగినా తెలియదు, మరిదిని అడిగినా తెలియదు. తెలిసినవాళ్లు దొరకనప్పుడు మనకి మిగిలేది ఆ స్కూలువాళ్లు పంపే రంగుల పుస్తకం ఒక్కటే. అందులో నీలాకాశం, తెల్లని విమానం, భుజాలమీద బంగారు చారలతో నవ్వుతున్న పిల్లలు ఉంటారు. అది చూసి సంతకం పెట్టేస్తాం. ఆ సంతకం ఖరీదు ఈ రోజుల్లో 40 లక్షల పైమాటే. కొందరు ఇల్లు తాకట్టు పెడతారు. కొందరు పెళ్లికని దాచిన నగలు బ్యాంకులో పెడతారు. అంచేత ఆ సంతకానికి ముందు తల్లులు అడగవలసిన ప్రశ్నలేమిటో ఈ వేళ మాట్లాడుకుందాం.

"ఆడపిల్లకి విమానం నడపడమేమిటి?" అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకి రెండు పేర్లు చెప్పండి. సరళా థక్రాల్ గారు 1936లో, 21 ఏళ్ల వయసులో, చీరకట్టుతోనే విమానమెక్కి ఒంటరిగా నడిపారు. అప్పటికే ఆమె ఒక బిడ్డ తల్లి. ప్రేమ్ మాథుర్ గారు 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్నారు. ఆడమనిషని ఎన్నో కంపెనీలు కాదంటే, ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. ఈనాడు మన దేశపు పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలే. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి ఐదారుగురే. కాబట్టి ఆడపిల్ల నడపగలదా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. ఎక్కడ నేర్చుకోవాలన్నదే ఇప్పటి ప్రశ్న.

ముందు నియమాల సంగతి చూద్దాం. పౌర విమానయానాన్ని అదుపు చేసే ప్రభుత్వశాఖ పేరు డి.జి.సి.ఏ. లైసెన్సు ఇచ్చేది అదే. 16 ఏళ్లకి విద్యార్థి లైసెన్సు, 18 నిండాక కమర్షియల్ లైసెన్సు ఇస్తారు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలన్నది చాలా ఏళ్లుగా నడుస్తున్న నిబంధన. దీన్ని సడలించాలన్న ఆలోచన 2025లో వచ్చింది. మీ అమ్మాయి చేరే నాటికి నిబంధన ఎలా ఉందో డి.జి.సి.ఏ. వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, స్కూలువాళ్ల నోటిమాట మీద వెళ్లకండి. విమాన నియమాలు, వాతావరణశాస్త్రం, దారి కనుక్కునే విద్య, విమానపు సాంకేతిక విషయాలు, వీటన్నిటిలోనూ రాతపరీక్షలుంటాయి. నూటికి 70 మార్కులు వస్తేనే పాసు. వీటికితోడు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు ఆ విమానానికి తనే అధిపతిగా నడపాలి. ఈ 200 గంటలన్న అంకె గుర్తుంచుకోండి. మన లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అన్నిటికన్నా ముందు వైద్యపరీక్ష. ఇందులో రెండు మెట్లున్నాయి. క్లాస్ టూ అయ్యాక క్లాస్ వన్. కమర్షియల్ లైసెన్సుకి క్లాస్ వన్ తప్పనిసరి. కళ్లద్దాలున్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. కానీ రంగుల గుర్తింపు, చెవి, గుండె, రక్తపోటు అన్నీ చూస్తారు. స్కూలుకి మొదటి వాయిదా కట్టేశాక క్లాస్ వన్‌లో ఏదో అడ్డం వచ్చిందనుకోండి, ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం మాటలు కాదు. అంచేత క్లాస్ వన్ సర్టిఫికెట్టు చేతికి వచ్చాకే చెక్కుబుక్కు బయటికి తియ్యండి.

ఇక స్కూలు సంగతి. గేటు ఎంత పెద్దది, ఆఫీసులో ఏసీ ఉందా, యూనిఫారం ఎలా ఉంది, వీటితో మనకేం పని? ఇంటికి బియ్యం ఎన్నాళ్లొస్తాయో లెక్కవేసినట్టే ఇక్కడా లెక్క వెయ్యాలి. మూడు అంకెలు అడగండి. ఈ వేళ ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలెన్ని? ఎగిరే దశలో ఉన్న విద్యార్థులెందరు? నెలకి ఎన్ని రోజులు ఎగురుతున్నారు?

మాటవరసకి ఒక స్కూలులో ఎగిరే దశలో 80 మంది ఉన్నారనుకుందాం. పుస్తకంలో 8 విమానాలని వేశారు. వెళ్లి చూస్తే నాలుగు షెడ్డులో మరమ్మతులో ఉన్నాయి, ఎగిరేవి నాలుగే. ఒక్కో విమానం రోజుకి 4 గంటలు, నెలకి 20 రోజులు ఎగిరిందనుకుంటే మొత్తం 320 గంటలు. 80 మందికి పంచితే తలకి నెలకి 4 గంటలు. 200 గంటలు పూర్తికావాలంటే 50 నెలలు పడుతుంది. అంటే నాలుగేళ్లు దాటుతుంది! ఇంకో స్కూలులో పిల్లలు 40 మంది, నిజంగా ఎగిరే విమానాలు 8. అదే లెక్కన నెలకి 640 గంటలు, తలకి 16 గంటలు. ఏడాదీ ఒక నెలలో పని ముగుస్తుంది. ఇద్దరూ చెప్పే ఫీజు ఒకటే కావచ్చు. ఇద్దరూ చెప్పే మాటా ఒకటే, "18 నెలల్లో పూర్తి చేయిస్తాం" అని. భాగహారం వచ్చిన ఏ ఇల్లాలైనా ఆ మాటలో నిజమెంతో కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఆలస్యమైతే ఏం పోయిందంటారా? 40 లక్షల అప్పుకి నూటికి ఏడాదికి 11 రూపాయల వడ్డీ వేసుకోండి. నెలకి 36 వేలకు పైనే అవుతుంది. దానిమీద హాస్టలు ఖర్చు. పైగా విమానం నడపడమన్నది సంగీతం లాంటిది, సాధన తప్పితే చెయ్యి మరిచిపోతుంది. నెలరోజులు ఖాళీగా కూర్చున్న పిల్ల మళ్లీ మొదటినుంచి కొన్ని పాఠాలు నేర్చుకోవాలి. ఆ అదనపు గంటలకి అదనపు ఫీజు. అన్నిటికన్నా పెద్ద నష్టం, పిల్ల మనసు చిన్నబుచ్చుకోవడం. తోటివాళ్లు డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరుతుంటే, తను హాస్టలు గదిలో తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

విమానాలు లెక్కపెట్టాక ఇన్‌స్ట్రక్టర్లని లెక్కపెట్టండి. నేర్పేవాళ్లు లేని విమానం డ్రైవరు లేని బస్సుతో సమానం. చీఫ్ ఇన్‌స్ట్రక్టరు ఎన్నాళ్లనుంచి అక్కడ ఉన్నారు? ఏడాదిలో ఎంతమంది మారారు? ప్రతి నెలా కొత్త గురువైతే పిల్లకి ఒక పద్ధతంటూ కుదరదు.

తర్వాత వాతావరణం, రన్‌వే. నేర్చుకునే పిల్లలు చాలావరకు కంటితో నేలనీ ఆకాశాన్నీ చూసుకుంటూ నడపాలి. మబ్బు కమ్మినా, మంచు పట్టినా ఆ రోజుకి సెలవే. మన ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఉత్తరాదిన డిసెంబరు, జనవరిలో పొగమంచు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రప్రభుత్వం 1985లో స్థాపించిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ప్రవేశపరీక్ష పెట్టి తీసుకుంటారు. పేరున్న సంస్థ. అయినా అక్కడి చలికాలపు మంచుని ఎవరూ ఆపలేరు కదా. మన బేగంపేట సంగతే చూడండి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకి తరలిపోయాక కూడా అక్కడ శిక్షణ సాగింది. కానీ అది ఊరి నడిబొడ్డున ఉన్న రన్‌వే, ఇతరులతో కలిసి వాడుకోవలసినది. రన్‌వే స్కూలుదేనా, ఇంకెవరితోనైనా పంచుకోవాలా అని ఎక్కడైనా సరే అడగండి. ఎందుకంటే విమానం ఎగరడానికి కదిలిన క్షణం నుంచి, దిగి పూర్తిగా ఆగే క్షణం దాకా ఎగిరిన సమయంగానే లెక్కిస్తారు. పెద్ద విమానాలకి దారిచ్చి వరసలో పావుగంట నిలబడితే, ఆ పావుగంటకీ మన డబ్బే ఖర్చవుతుంది.

ఇప్పుడు భద్రత. మాట్లాడటానికి మనసొప్పని విషయమే, అయినా తల్లులు మాట్లాడక తప్పదు. 2022 ఫిబ్రవరిలో మన నల్లగొండ జిల్లాలో ఒక చిన్న శిక్షణ విమానం కూలిపోయి, దాన్ని నడుపుతున్న శిక్షణార్థి యువతి చనిపోయింది. 2023 అక్టోబరులో, వరసగా ప్రమాదాలు జరిగాక, దేశంలోని ఒక పెద్ద శిక్షణ సంస్థ పనిని డి.జి.సి.ఏ. కొంతకాలం ఆపేసింది. విమాన ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వసంస్థ ఒకటుంది. దాని నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. స్కూలు పేరు చూసి అవి వెతికించండి. "ఇంజన్లు ఎన్ని గంటలకొకసారి విప్పి చూస్తారు? మెకానిక్కులు మీవాళ్లేనా, బయటివాళ్లా?" అని అడగడానికి మొహమాటపడకండి. కుక్కరు వాషరు అరిగితేనే మార్చేస్తాం, పిల్లని గాలిలోకి పంపేటప్పుడు అడగటానికి సిగ్గెందుకు? అడిగితే విసుక్కునే స్కూలు మనకొద్దు.

డి.జి.సి.ఏ. 2025 నుంచి శిక్షణ స్కూళ్లకి శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో పైనున్న రెండు శ్రేణులకీ ఒక్క స్కూలు కూడా అందలేదు. అంటే "దేశంలో మేమే నెంబర్ వన్" అని ఎవరు చెప్పినా నవ్వి ఊరుకోవచ్చు. కొత్త జాబితా వచ్చినప్పుడల్లా చూసుకోండి. శ్రేణి ఒక్కటే చూసి నిర్ణయించకుండా, పైన చెప్పిన లెక్క కూడా కలిపి చూడండి.

కొందరు ఏజంట్లు "తొందరగా పూర్తి చేయిస్తాం, గంటలు మేం సర్దుతాం" అంటారు. ఆ మాట విన్నచోట మంచినీళ్లు కూడా తాగకుండా లేచి వచ్చెయ్యండి. 2011లో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సులు తీసుకున్న పైలట్లు పట్టుబడి అరెస్టయ్యారు. పుస్తకంలో రాసిన గంటలు గాలిలో నిలబెట్టవు, నడిపిన గంటలే నిలబెడతాయి.

డబ్బు కట్టే పద్ధతి అన్నిటికన్నా ముఖ్యం. "ఒకేసారి కడితే రెండు లక్షలు తగ్గిస్తాం" అంటే లొంగకండి. అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అని ఒక పెద్ద శిక్షణ సంస్థ ఉండేది. ఎన్నో ఊళ్లలో దానికి శాఖలున్నాయి. విద్యార్థులు 70 వేల డాలర్ల దాకా అప్పుచేసి ముందే కట్టారు. 2008 ఫిబ్రవరిలో ఆ సంస్థ హఠాత్తుగా దివాలా తీసి తలుపులు మూసేసింది. పిల్లలకి లైసెన్సు రాలేదు, అప్పు మాత్రం మెడకి చుట్టుకుంది. అంతటి దేశంలోనే అలా జరిగితే మనమెంత? ఎగిరిన గంటలకి తగ్గట్టు వాయిదాలలో కట్టండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. పన్ను, పరీక్షల ఫీజులు, హాస్టలు, రెండు ఇంజన్ల విమానం మీద శిక్షణ, అదనపు గంటల రేటు, ఇవన్నీ చెప్పిన ఫీజులోనే ఉన్నాయా, వేరా? అదీ రాయించుకోండి.

విదేశాలకి పంపుదామా అని కొందరు అడుగుతారు. అక్కడ విమానాలెక్కువ, ఎగిరే రోజులూ ఎక్కువే కావచ్చు. కానీ అక్కడి లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదు. తిరిగొచ్చాక డి.జి.సి.ఏ. పరీక్షలు రాసి, విమానం నడిపి చూపించి, మన లైసెన్సుగా మార్పించుకోవాలి. ఆ ఖర్చూ, ఆ నెలలూ కూడా కలుపుకుని పోల్చండి.

ఆడపిల్ల కాబట్టి ఇంకో రెండు మాటలు. శిక్షణ తెల్లవారుజామునే మొదలవుతుంది, కొన్ని గంటలు రాత్రివేళ కూడా నడపాలి. హాస్టలునుంచి రన్‌వేకి ఎంత దూరం, బండి ఎవరిది, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక స్త్రీ ఉందా, ఇవి చూడండి. అక్కడ చదువుతున్న అమ్మాయిలతో ఆఫీసువాళ్లు పక్కన లేనప్పుడు పది నిమిషాలు మాట్లాడండి. "పోయిన నెల నువ్వు ఎన్ని గంటలు నడిపావమ్మా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. వంద రంగుల పుస్తకాలు చెప్పని నిజం ఆ పిల్ల లాగ్‌బుక్కు చెబుతుంది.

చివరగా, లైసెన్సు వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. పెద్ద విమానం నడపడానికి వేరే శిక్షణ, దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లే ఉద్యోగాలకోసం వెతుక్కున్నారు. అంచేత ఉన్నదంతా ఊడ్చిపెట్టి కట్టకండి. ఉద్యోగం ఒకటి రెండేళ్లు ఆలస్యమైనా వాయిదాలు కట్టుకోగలమా అని ఇంటాయనతో కూర్చుని ముందే లెక్క చూసుకోండి. వీలైతే అమ్మాయిని దూరవిద్యలో ఒక డిగ్రీ కూడా చదివించండి.

ఇవన్నీ అమ్మాయిని భయపెట్టడానికి చెప్పినవి కావు. వీలైతే స్కూలుకి వెళ్లేటప్పుడు తననీ వెంట తీసుకువెళ్లండి, ప్రశ్నలు తన చేతే అడిగించండి. షెడ్డులో నిలబడి విమానాలు లెక్కపెట్టడం, ఇచ్చిన జవాబు పుస్తకంలో రాసుకోవడం, నచ్చకపోతే మర్యాదగా వద్దని చెప్పి వచ్చేయడం ఆ పిల్లకి అలవాటు కావాలి. రేపు వాతావరణం బాగాలేనప్పుడు "ఈ వేళ విమానం తియ్యను" అని ధైర్యంగా చెప్పవలసింది కూడా తనే కదా.