ఉప్పుడు బియ్యం చెప్పిన పాఠం

డాక్టర్ సి. గోపాలన్ గారి స్మరణలో నాలుగు మాటలు చెప్పమన్నారు. సేలంలో పుట్టి, హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థను నడిపిన మనిషి ఆయన. తెలుగు నేల విడిచి వచ్చి కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ తరతరాలుగా స్థిరపడ్డ మీ ముందు ఆయన గురించి మాట్లాడటం నాకు చాలా ఇష్టమైన పని.

ఆయన పుట్టిన 1918లోనే కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. బి1 విటమిన్ లోపంతో వచ్చే ఆ జబ్బు ఎక్కువగా పీడించింది ఉత్తర సర్కారుల్లోని మన తెలుగువాళ్లనే. వాళ్లు తినేది మరలో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం. తమిళ జిల్లాల్లో వడ్లు నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి పట్టించేవారు; అదే ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు పై పొరలోని బి1 విటమిన్ గింజలోకి దిగుతుంది. ఆ తర్వాత మరలో వేసినా మొత్తం పోదు. మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఐక్రాయిడ్ బృందం దీన్ని లెక్క కట్టి చూపింది. ఇక్కడి ఆడవాళ్లు తరాలుగా చేస్తున్న పనిలోని బలం అలా శాస్త్రానికి తెలిసింది. ఆహార నిపుణుల చదువుకు మన దేశంలో అసలైన మొదటి పాఠం ఇదేనని నా నమ్మకం.

కూనూరులో ఒక గదిలో మొదలైన ఆ పరిశోధన సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లో దక్కనులో జొన్నకూడే ఆధారమైన పేదలకు పెల్లగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు వచ్చేది. ప్రపంచమంతా దాన్ని మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనుకుంటున్న కాలమది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. ఈ కరిసల్ నల్లరేగడి నేలలో జొన్న, సజ్జ తిని పెరిగినవాళ్లు ఒకటి గమనించాలి: దోషం జొన్నది కాదు, జొన్న తప్ప మరేదీ దొరకని బతుకుది.

1971లో గోపాలన్, బి.వి. రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కలిసి మన ఆహార పదార్థాల పోషక విలువల పుస్తకం తెచ్చారు. డైటీషియన్లు దశాబ్దాలపాటు దాన్ని చేతిలో పెట్టుకునే చదివారు.

చదువు మాటకొస్తే, 1957లో కోయంబత్తూరులో మొదలైన అవినాశిలింగం గృహవిజ్ఞాన కళాశాలను రాజమ్మాళ్ దేవదాస్ పెంచి పెద్దచేశారు. ఇలాంటి మంచి చోట్లున్నా, డైటీషియన్ చదువుకు దేశమంతటికీ ఒకే కొలత మాత్రం లేకపోయింది. యూరప్‌లోనూ దేశానికో తీరు ఉండేది. అక్కడి డైటీషియన్ల సంఘాలు 1978లో సమాఖ్యగా ఏర్పడి, క్రమంగా ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి. తరగతి గదితోపాటు పర్యవేక్షణలో చేసే పనినీ చదువులో భాగం చేశాయి. మన దగ్గర 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్‌ను తన జాబితాలో చేర్చింది. ఆలస్యమైనా అది గొప్ప అడుగు. అయితే చట్టం శిక్షణ గంటలు లెక్కపెట్టగలదు గానీ, ఆ గంటలు ఎక్కడ గడపాలో మనమే అడగాలి.

ఆ జవాబు ఇక్కడే ఉంది. విరుదునగర్ బిడ్డ కామరాజ్ ముఖ్యమంత్రిగా 1956లో మధ్యాహ్న భోజనాన్ని మీ పక్కనున్న ఎట్టయపురంలోనే ప్రారంభించారు. 2022లో విరుదునగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. డైటీషియన్ కావాలనుకునే ప్రతి విద్యార్థీ కొన్ని నెలలు ఆ ఆసుపత్రి వార్డుల్లోనూ, మరికొన్ని నెలలు ఈ పల్లెల బడి వంటశాలల్లోనూ పనిచేయాలి. ఆయాల పక్కన నిలబడి బియ్యం ఎన్నిసార్లు కడుగుతున్నారో, గంజి ఎటు పోతోందో చూడాలి. ఆ ఏర్పాటు కోరుతూ ఒక వినతిపత్రం రాశాను. సభ ముగిశాక దాని మీద మీరంతా సంతకం చేయాలని నా ప్రార్థన.