ఆ బిళ్ళలు ఏ తిరనాళ్ళలో కొన్నవీ కావు
(ఏప్రిల్ 14 సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని అంబేడ్కర్ గారి చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించే మాట్లాడతాం గానీ, ముందు ఒక ట్రంకుపెట్టె సంగతి చెప్పాలి.

మన పిల్లలు మిలిట్రీ తాత అని, మేము పెదనాన్నా అని పిలుచుకునే పెద్దాయన ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు. 1968లో సైన్యంలో చేరారు. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున ఉన్నారు. మొన్న జనవరి 26న పాత కోటు తొడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి తీసిన నాలుగు మెడల్స్ పెట్టుకుని బడికి జెండా వందనానికి వచ్చారు. ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన ఊరి పెద్ద ఒకడు అందరి ముందూ, "ఏరా, బిళ్ళ బంట్రోతు ఉద్యోగం ఎప్పుడొచ్చింది? ఏ తిరనాళ్ళలో కొన్నావ్?" అన్నాడు. నలుగురు నవ్వారు. పెదనాన్న ఒక్క మాట అనలేదు. పిన్ను ఊడదీసి మెడల్స్ జేబులో వేసుకున్నారు.

ఆ జెండా కర్ర పక్కనే మేమూ ఉన్నాం. బి.ఏ., బి.ఇడి. చదివినవాళ్ళం, మేమూ నోరెత్తలేదు. ఆ మెడల్స్ తీయించింది వాడి నోరు ఒక్కటే కాదు, మా మౌనం కూడా. ఈ మాట ఒప్పుకోవడానికే ఇవాళ మైకు పట్టుకున్నాం.

ఎక్కడ కొన్నావ్ అన్నవాడికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతాం, వినండి. ఒకటి పశ్చిమీ స్టార్. 1971లో పడమటి రంగంలో పనిచేసినవాళ్ళది. రెండు, సంగ్రామ్ మెడల్. మూడు, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయినప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళకిచ్చింది. నాలుగు, తొమ్మిదేళ్ళ సర్వీసుది. దగ్గరగా చూడండి, సిపాయి నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. తిరనాళ్ళ బిళ్ళ మీద మన పేరు ఎవడు చెక్కుతాడు?

పెట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఎడమ రొమ్ము మీద, ఒకే వరుసలో. అన్నిటికంటే పెద్దది గుండీల వైపు, తక్కిన వాటిని వరసగా చేతి వైపు పెట్టాలి. రోజువారీ యూనిఫాంలో రిబ్బన్లు మాత్రమే, పండగకూ పెరేడుకూ పూర్తి మెడల్స్. రిటైరైనవాళ్ళు ఇలాంటి సందర్భాల్లో మామూలు కోటు మీద పెట్టుకోవచ్చు. చనిపోయిన సిపాయి మెడల్స్‌ను ఇంటివాళ్ళు కుడివైపు పెట్టుకోవడం ఆనవాయితీ. సైనికుడు కానివాడు సైనికుడినని నమ్మించడానికి ఆ గుర్తులు పెట్టుకుంటే నేరం. సంపాదించినవాడు పెట్టుకుంటే హక్కు.

ఇవి సర్వీసు మెడల్స్. సాహసానికిచ్చే చక్రాలు వేరు. శత్రువుకు ఎదురు నిలిచినందుకు పరమవీర, మహావీర, వీర చక్రాలు. వీటిని 1950 జనవరి 26న ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. వాటిలో సిపాయికొకటి, ఆఫీసరుకొకటి అని లేదు. బ్రిటిష్ సైన్యంలో ఆ తేడా ఉండేది. ఆఫీసర్లకు మిలిటరీ క్రాస్, కింది హోదాల వాళ్ళకు మిలిటరీ మెడల్. వాళ్ళు దాన్ని తీసేసింది 1993లో.

మరి చక్రం ఎలా వస్తుంది? యుద్ధంలో చేసింది ఎవరో ఒకరు కళ్ళారా చూడాలి. చూసింది కాగితం మీద పెట్టాలి. యూనిట్ అధికారి సిఫారసు చేయాలి. అది మెట్టు మెట్టుగా సైనిక కేంద్ర కార్యాలయానికి, రక్షణ శాఖకు, చివరికి రాష్ట్రపతి దగ్గరికి పోవాలి. ధైర్యం చేసేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు. రాసేవాడు లేకపోతే ధైర్యం మట్టిలో కలుస్తుంది. ఛోటానాగపూర్ ఆదివాసీ బిడ్డ, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా 1971 డిసెంబర్‌లో గంగాసాగర్ దగ్గర శత్రువు మెషిన్‌గన్లను అణచి ప్రాణం విడిచాడు. ఆయనది రాయబడింది గనుక పరమవీర చక్రం వచ్చింది. రాయబడనివాళ్ళు ఎందరో!

మనవాళ్ళ ధైర్యం రాతిమీద రాసినా మరిచిపోయిన కాలమొకటుంది. 1818 జనవరి 1న కోరేగావ్‌లో కంపెనీ సైన్యం పీష్వా సైన్యాన్ని ఎదుర్కొంది. అక్కడి స్తంభం మీద 22 మంది మహర్ల పేర్లున్నాయి. అదే బ్రిటిష్‌వాళ్ళు 1890ల్లో కొన్ని కులాలే యుద్ధానికి పుట్టాయంటూ మహర్లకు సైన్యం తలుపు మూసేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు కరువైతే 1917లో తెరిచారు, 1921లో దళాన్ని రద్దు చేశారు. మళ్ళీ 1941లో మహర్ రెజిమెంట్ పెట్టారు. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ను 1946కల్లా ఎత్తేశారు. ప్రాణం కావాల్సి వస్తే పిలుపు, అవసరం తీరితే వెలి. అంబేడ్కర్ 1927 జనవరి 1న ఆ స్తంభం దగ్గరికి వెళ్ళింది దండం పెట్టి రావడానికి కాదు, ఇది మనకు గుర్తు చేయడానికి.

ఆయన తండ్రి రాంజీ సుబేదారు, సైనికుల బడిలో పంతులు. ఆ ఇంట్లో బిడ్డ చదువుకున్నాడు, రాజ్యాంగం రాతకు నాయకత్వం వహించాడు. ఆ రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాని పక్కనే 18వది బిరుదులు రద్దు చేసింది. రావుబహద్దూర్లూ దివాన్‌బహద్దూర్లూ పోయారు. రెండు గౌరవాలను మాత్రం వదిలింది. ఒకటి సైన్యంలో సంపాదించింది, రెండోది చదువులో సంపాదించింది. పుట్టుకతో వచ్చేవి కావు గనుకే ఆ రెండూ నిలిచాయి. మా డిగ్రీ కాగితమూ పెదనాన్న మెడలూ ఒకే పందిరి కింద ఉన్నాయి. ఒకదాన్ని ఎగతాళి చేస్తే రెండోది ఎలా ఊరుకుంది?

మెడల్ కోసం బిడ్డల్ని చావమని చెప్పడం లేదు. సంపాదించిన గౌరవాన్ని ట్రంకుపెట్టెలో దాచొద్దంటున్నాం. సంఘం కార్యకర్తలు ప్రతి వాడలో మాజీ సైనికుల ఇళ్ళకు వెళ్ళండి. డిశ్చార్జి బుక్ తెరిచి మెడల్స్ వివరాలు చూడండి. పోయినవీ అందనివీ ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టించండి. వాళ్ళ కథ వాళ్ళ నోటితో చెప్పించి రాసుకోండి. ఈసారి రాసేవాళ్ళం మనమే.

మొన్న పెదనాన్నను అడిగాం, ఎందుకు తీసేశారని. "నేను పిల్లలు చూస్తారని పెట్టుకున్నాను సారూ, వాళ్ళు నవ్వింది చూశారు, ఇంక ఎందుకు?" అన్నారు.

పెదనాన్నా, ఆగస్టు 15 వస్తోంది. ఆ నాలుగూ తోమి పెట్టండి. వాడ నుంచి బడి దాకా మేమందరం మీ వెంట నడుస్తాం. ఎవడన్నా ఎక్కడ కొన్నావ్ అంటే, ఆ రోజు జవాబు మీరు చెప్పక్కర్లేదు. మా బడి పిల్లలు చెబుతారు. వాళ్ళకు పాఠం మొదలుపెట్టేశాం.

జై భీం!