పరిచర్యకు పట్టము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల జమాఖర్చులు కార్యదర్శిగారు ఇంతకుముందే చదివినారు. నేను వేరొక సంగతి ఎత్తుకొందును. మొన్నటి వేసవిలో ఈ గదిలోనే కూర్చుండి పత్రికలోని ప్రవేశ ప్రకటన చదువుచున్న ఇద్దరు పిల్లలు నన్నడిగినారు: "పెద్దనాయనా, నర్సింగులో ఇన్ని పేర్లున్నవేమి? మేము దేనిలో చేరవలెను?" లెక్కలు వ్రాసికొనువానికి ఆ విద్యతో పనియేమని మీరనవచ్చును. పని కలదు. అదేమో చివర చెప్పెదను.

చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయములో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు మరల నాలుగు గుణములు: ఉపచారము ఎరిగియుండుట, దక్షత, రోగిపై అనురాగము, శుచిత్వము. వరుస గమనింపుడు. ఎరిగియుండుట మొదటిది, అనురాగము మూడవది. మనము ఈ వరుసను తారుమారు చేసితిమి. జాలిగుండె యున్న చాలును, దానికి డిగ్రీ యెందుకని అడుగుచున్నాము.

నా వృత్తివారికి నచ్చు మాట యొకటి. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపము స్ఫురించును. ఆమె చేతిలో చిట్టాయు నుండెను. 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి ఆసుపత్రికి పోయి, సైనికులు గాయములచే కంటె అంటురోగములచేతనే అధికముగా చనిపోవుచున్నారని లెక్కలతో నిరూపించి, ఆ లెక్కను చక్రాకార పటముగా గీయించి ప్రభుత్వము ముందుంచినది. 1858లో లండనులోని గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆ సంఘమున స్త్రీలలో ఆమెయే మొదటిది. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము నెలకొల్పబడినది.

మన దేశమున ఈ విద్యకు డిగ్రీ 1946లో ఢిల్లీయందును, వెల్లూరునందును మొదలైనది. మరుసటి యేటనే నర్సింగు మండలి చట్టము వచ్చినది. మన ప్రాంతమువారికి 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయ మేర్పడినది. 2014లో తెలంగాణ రాష్ట్రము వచ్చిన పిమ్మట వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయము ఈ పట్టములిచ్చుచున్నది. కాళోజీ నిజాము కాలమున గ్రంథాలయోద్యమములో తిరిగిన మనిషి. వైద్యవిద్యాపీఠమునకు ఆయన పేరు పెట్టుట, గ్రంథాలయపు అరుగుమీద కూర్చున్న మనకు కొంత గర్వకారణమే.

ఇక పిల్లల ప్రశ్న. ఇంటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి, ఆ మూడింటను కలిపి నూటికి నలుబదియైదు మార్కులు తెచ్చుకొని, ఆంగ్లమున ఉత్తీర్ణులైనవారు బి.ఎస్సీ. నర్సింగునకు అర్హులు. ఆ యేడు డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండవలెను. చదువు నాలుగేండ్లు. 2021లో సవరించిన పాఠ్యక్రమము ప్రకారము ఎనిమిది సెమిస్టర్లు. శరీరనిర్మాణము, జీవరసాయనము, ఔషధశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, ప్రసూతివిద్య, శిశుసంరక్షణము, గ్రామారోగ్యము ఇవన్నియు కలవు. తరగతిలో చదివినది ఆసుపత్రి వార్డులో చేసి చూపవలెను.

ఇంటరులో జీవశాస్త్రము చదువనివారు ఇక తమకు దారి లేదనుకొని ఇంట కూర్చుండుచున్నారు. ఇది నిజము కాదు. ఏ గ్రూపువారైనను నిర్ణీత మార్కులున్నచో మూడేండ్ల జి.ఎన్.ఎం. డిప్లొమాలో చేరవచ్చును. దానిని ముగించి నర్సుగా పేరు నమోదైన పిదప, రెండేండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్సీ. చదివి డిగ్రీ పొందవచ్చును. లెక్క వేయుడు: మూడును రెండును అయిదు. ఒక యేడు ఎక్కువ పట్టును గాని నడుమ ఉద్యోగము చేసికొని సంపాదించుకొను వీలున్నది. డిగ్రీ వచ్చి ఒక యేడు పనిచేసినవారికి రెండేండ్ల ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన. ఎమ్మెస్సీ చదివినవారు కళాశాలలలో బోధింపవచ్చును. రెండేండ్ల ఏ.ఎన్.ఎం. శిక్షణ వేరు. అది పల్లెల ఉపకేంద్రములలో పనిచేయుటకు ఉద్దేశింపబడినది. ఏ.ఎన్.ఎం. ముగించినంత మాత్రాన బి.ఎస్సీ. రాదు. ఈ భేదము తెలియకయే మనవారు రుసుము కట్టుచున్నారు.

మన యెరుకలోని ఒక బిడ్డను దళారి యొకడు దూరపు కళాశాలలో చేర్చినాడు. ఆ కళాశాల పేరు చెప్పను. చదువు ముగిసినది, పత్రము చేతికి వచ్చినది, నర్సుగా నమోదు మాత్రము కాలేదు. కావున రూపాయి కట్టకముందే రెండు విషయములు విచారింపుడు: కళాశాలకు నర్సింగు మండలి గుర్తింపు ఉన్నదా? డిగ్రీయైనచో విశ్వవిద్యాలయపు అనుబంధమున్నదా? అసలు పత్రములు ఎవరికైన ఇచ్చినచో రసీదు తీసికొనుడు. రసీదు లేని మాట నా వృత్తిలో మాటయే కాదు.

ఇప్పుడు నా సంగతి. 1994లో నా చెల్లెలు బై.పి.సి.తో ఇంటరు గెలిచినది. నర్సింగు డిగ్రీకి దరఖాస్తు తెచ్చుకొని, "అన్నా, సంతకము పెట్టు" అన్నది. నాయన లేడు, ఇంటికి పెద్దను నేనే. ఒక కాగితముపై లెక్క వేసితిని. నాలుగేండ్ల ఖర్చు ఒక ప్రక్క, పెండ్లి ఖర్చు ఒక ప్రక్క. రాత్రులు ఆసుపత్రిలో ఉండు పిల్లను ఎవరు చేసికొందురని ఇరుగుపొరుగువారనిరి. ఆ మాటను గూడ ఖర్చుక్రింద వ్రాసితిని. ఆమె కోరికను వ్రాయుటకు ఆ కాగితమున నేను గడి గీయలేదు. సంతకము పెట్టలేదు. ఆమె మారు మాటాడక పొయ్యి దగ్గరకు పోయి కూర్చున్నది.

నేడామె పటాన్‌చెరు వైపున ఒక మందుల కర్మాగారములో మాత్రల పట్టీలను డబ్బాలకెక్కించుచున్నది. ఆ జీతముతోనే కూతురును చదివించినది. నా మేనకోడలు కన్వీనరు కోటాలో సీటు తెచ్చుకొని ఇప్పుడు బి.ఎస్సీ. నర్సింగు మూడవ యేడు చదువుచున్నది. దసరా సెలవులలో వచ్చి చెప్పినది: "మామా, డిగాక్సిన్ అని గుండెకు ఒక మందు. ఇచ్చుటకు ముందు గుండె కొట్టుకొనుట నిండు నిమిషము లెక్కపెట్టవలెను. పెద్దవారికి అరువదికి తగ్గినచో మందు ఆపి డాక్టరుకు చెప్పవలెను." అర నిమిషము లెక్కించి రెండింతలు చేయరాదా యని అడిగితిని. కొట్టుకొనుట గతి తప్పినవారికి ఆ లెక్క తప్పునన్నది. ముప్పదేండ్లు లెక్కలు వ్రాసినవాడను, నాకది తోచలేదు. నా చెల్లెలు గుమ్మము దగ్గర వినుచు కూర్చున్నది.

ఆ పిల్ల ఈ గ్రంథాలయమునకు వచ్చి శరీరశాస్త్రము, ఔషధశాస్త్రము పుస్తకములున్నవా యని వెదకినది. ఒక్కటియు లేదు. నా దగ్గరనున్న కావ్యములు, పురాణములు ఇదివరకే ఇక్కడికిచ్చితిని. అవి బీరువా నిండ ఉన్నవి. నర్సింగు ప్రవేశమునకును, మొదటి సంవత్సరమునకును కావలసిన పుస్తకముల పట్టిక నా మేనకోడలిచేత వ్రాయించి తెచ్చితిని. కార్యదర్శిగారు దీనిని స్వీకరించి, వానికొక అర ఖాళీ చేయింపవలెను. పుస్తకముల వెల నేను కట్టుదును. నా పేర కాదు, నా చెల్లెలి పేర రసీదు వ్రాయుడు.