సిరలో ఎక్కించే నూనె, కాలేయము

మొన్న చలికాలములో మేము చండ్రుగొండ ప్రాంతమునకు వెళ్ళినప్పుడు, ఒక ఇంటి అరుగుపై ఇప్పనూనె సీసా చూచినాము. చలికి నూనె నెయ్యివలె పేరుకొని యున్నది. ప్రక్కన కూర్చున్న అవ్వ మేము రేడియోవారమని తెలిసికొని ఒక ప్రశ్న వేసినది. నెలలు నిండకుండ పుట్టిన ఆమె మునిమనుమనికి పేగు చెడిపోగా, పట్నములో చాల భాగము తీసివేసినారట. నోట పాలు పట్టు వీలులేక, వారముల తరబడి సిరద్వారా ఆహారము ఎక్కించినారు. అందులో తెల్లని పాలవంటి మందు ఒకటి. పిల్లవాడు బ్రతికినాడు, కాని కన్నులు పచ్చబడినవి.

"బిడ్డను బతికించిన పాలే బిడ్డ కార్జాన్ని చెడగొట్టినయా అయ్యా? పసరు పోయమంటరా?" అని అవ్వ అడిగినది.

శ్రోతలారా, ఆ తెల్లని మందు పాలు కాదు, నూనె. నూనెను ఉన్నదున్నట్లు సిరలోనికి పంపినచో ఊపిరితిత్తులలోని సన్నని నాళములు మూసికొనిపోయి ప్రాణము పోవును. కావున దానిని మిక్కిలి సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి, అవి మరల కలియకుండ గ్రుడ్డు పచ్చసొనలోని ఒక పదార్థముతో నీటిలో నిలుపుదురు. అమెరికాలో పత్తిగింజల నూనెతో చేసిన మందు జ్వరములను, కామెర్లను తెచ్చినందున 1960ల నడుమ వాడుకనుండి తొలగిపోయినది. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ అను శాస్త్రజ్ఞుడు సోయా నూనెతో చేసిన మందు 1960ల ఆరంభమున వాడుకలోనికి వచ్చి నిలిచినది.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. మనము నోట తిన్న నూనెకు పేగు ద్వారపాలకుని వంటిది. సోయాలో ఫైటోస్టెరాల్ అను పదార్థములుండును. పేగు వానిలో బహు స్వల్ప భాగమునే లోనికి రానిచ్చును. సిరద్వారా వచ్చిన నూనెకు ఈ కాపలా లేదు. ఆ పదార్థములు కాలేయములో పేరుకొని, పైత్యరసము వెలుపలికి పోకుండ అడ్డుపడును. ఆ రసము నిలిచిపోయినప్పుడే కన్నులు పచ్చబడును.

నేరమంతయు నూనెదే యనుట న్యాయము కాదు. నోటికి ఆహారము లేనిచో పైత్యరసము సహజముగనే మందగించును. సిరలో చక్కెర మితిమీరినచో కాలేయము దానినే క్రొవ్వుగా మార్చి దాచుకొనును. సూది గొట్టమునుండి సోకు అంటురోగములును హాని చేయును. నెలలు నిండని శిశువునకు ఇవన్నియు మరింత భారము. అట్లని నూనెను మొత్తము మానినచో శిశువు చర్మము పొలుసులు కట్టును, ఎదుగుదల ఆగును, మెదడుకు కావలసిన క్రొవ్వు అందదు.

మరి మార్గమేమి? సోయా నూనె మోతాదు తగ్గింతురు. సోయాతో కొబ్బరి, ఆలివ్, చేపనూనెలను కలిపిన మందులును ఉన్నవి. చేపనూనెలో ఫైటోస్టెరాళ్లు లేనట్లే. ఇట్టి కామెర్లు వచ్చిన పిల్లలకు చేపనూనె మందును బోస్టన్ నగరపు వైద్యులు 2000ల దశాబ్దములో వాడి చూచినారు. 2018లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి ఇచ్చినది. పెక్కుమంది పిల్లలకు పచ్చదనము తగ్గినది. కాని కాలేయములో అప్పటికే ఏర్పడిన గట్టిదనము మిగిలిపోవచ్చును. కావున ఆలస్యము పనికిరాదు.

అన్నింటికంటె మేలైన మందు ఒకటున్నది. వైద్యుడు సరేనన్న దినమునుండియే కొద్ది చుక్కలైనను తల్లిపాలు నోట పట్టుట. పేగు పని ప్రారంభించిన కొలది సిరపై ఆధారము తగ్గును. కాలేయము తెరపి పొందును.

అవ్వకు మేము చెప్పినది ఇంతే: "ఆ మందు లేకుంటే బిడ్డ నిలిచేవాడు కాదు, అవ్వా. కాని అది కొన్నాళ్ళకే. ఇక నోటిదారి పట్టించాలి. పసరు పోయవద్దు. ఇది మామూలు కామెర్లు కాదు; అసలే అలసిన కార్జానికి అది మరొక బరువు. మలము సున్నమువలె తెల్లబడినా, మూత్రము ముదురు పచ్చగా మారినా, ఆ దినమే వైద్యునికి చూపించండి."

అవ్వ పేరిన సీసాను ఎండలోనికి జరిపినది. మేము లేచు వేళకు నూనె కరగనారంభించినది.